సైటేషన్ల లెక్క

రాజమండ్రి

చిరంజీవి అమ్మడికి,

మొన్న ఫోన్‌లో నీ గొంతు అదోలా ఉంది. నీ పేపర్‌కి పదకొండు సైటేషన్లే వచ్చాయనీ, నీతో చేరినవాడికి వంద దాటాయనీ అన్నావు. అప్పుడేదో సర్దిచెప్పి పెట్టేశాను గానీ, ఇది తీరిగ్గా చెప్పాల్సిన సంగతి.

ఈ లెక్కలో అన్నిటికంటే పైనున్నది మన బయోకెమిస్ట్రీ పేపరే. ఆలివర్ లౌరీ, మరో ముగ్గురు కలిసి 1951లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో వేసిన ప్రోటీన్ కొలత పద్ధతి. 2014లో నేచర్ పత్రిక జాబితా వేసేనాటికే దాని సైటేషన్లు 3 లక్షలు దాటాయి. అందులో కొత్త సిద్ధాంతం వెతికితే దొరకదు. క్షారంలో రాగి, ఆపైన ఫోలిన్ రీఏజెంట్ కలిపితే నీలం తేలుతుంది. నీలం చిక్కబడేకొద్దీ ప్రోటీన్ ఎక్కువున్నట్టు. అంతే. అది గొప్ప పేపర్ కాదని లౌరీయే ఒప్పుకున్నాడు, లోలోపల మురిసిపోతూనే. అదే జాబితా మొదటి వందలో వాట్సన్, క్రిక్‌ల 1953 నాటి డీఎన్ఏ పేపర్ లేదు! నువ్వు చేస్తున్న మాలిక్యులర్ బయాలజీ అంతా దాని మీదే కదా నిలబడింది.

ఇక మన భీమవరం మనిషి సంగతి చూడు. యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో పనిచేసిన విభాగానికి పెద్ద ఒట్టో ఫోలిన్. లౌరీ వాడిన రీఏజెంట్‌కి ఆ పేరు ఆయనదే. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి వేశాడు. ఫాస్ఫేటున్న ద్రావణానికి ఆమ్ల మాలిబ్డేటు, ఆపైన అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం కలిపితే చూస్తుండగానే నీలం ఎక్కుతుంది. మా పిల్లలకు ప్రాక్టికల్స్‌లో చేయించేవాణ్ణి. కలిపిన మరుక్షణమే కొలిచేసేవాళ్లు, రంగు పూర్తిగా నిలవకముందే. మార్కులు అక్కడే పోయేవి. ఆ పేపర్‌ని వేల పరిశోధనా పత్రాలు ఉదహరించాయి.

అదే ఇద్దరు 1927లో ఫాస్ఫోక్రియాటిన్ గురించీ, 1929లో ఏటీపీ గురించీ రాశారు. ఏటీపీని అదే ఏడు జర్మనీలో లోమన్ విడిగా కనుగొన్నాడు. సరే, నీ పేపర్‌లో ఏటీపీ అన్న మాట ఎన్ని చోట్ల వచ్చిందో చూసుకో. రిఫరెన్సుల్లో ఈ ముగ్గురిలో ఒక్కరైనా ఉన్నారా? ఉండరు. ఎవరూ పెట్టరు. అందరికీ తెలిసిపోయినదాన్ని ఉదహరించే అవసరం ఎవరికుంది? కొలిచే పద్ధతికి వేలు, కనుగొన్న అణువుకు మౌనం, అదీ ఈ లెక్క తీరు.

సుబ్బారావు మందుల కంపెనీ లెడర్లీకి వెళ్లాక సంగతి ఇంకా విచిత్రం. అక్కడ ఆయన బృందం ఇచ్చిన అమైనోప్టెరిన్ అనే మందుతో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లల్లో తాత్కాలికంగానైనా జబ్బును లొంగదీశాడు. 1948 నాటి ఆ పేపర్ రచయితల్లో సుబ్బారావు పేరు లేదు. ఏ లెక్కల పట్టికలోనూ అది ఆయన ఖాతాలో పడదు.

అలాగని సైటేషన్లు వట్టి దండగ అననులే. ఆ మాట ఎక్కువగా అవి రానివాళ్లే అంటుంటారు. నీ పని ఇతరుల చేతుల్లో వాడుకలోకి వచ్చిందా లేదా అన్నది అవి చెబుతాయి, అది చిన్న విషయం కాదు. కానీ 2005లో హిర్ష్ తెచ్చిన హెచ్-ఇండెక్స్‌నే తీసుకో. పదేసి సైటేషన్లకు తగ్గని పేపర్లు పది ఉంటే నీ అంకె పది. అందులో ఒకదానికి 3 లక్షలున్నా ఆ అంకె కదలదు. లౌరీ పేపర్‌కీ, ఏదో గట్టెక్కిన పేపర్‌కీ అక్కడ ఒకటే విలువ. ఉద్యోగాల కమిటీలు ఈ అంకె అడుగుతాయి, అప్పుడు రాసిచ్చెయ్. రాత్రిళ్లు గూగుల్ స్కాలర్ తెరిచి చూసుకోవడం మాత్రం మానెయ్.

ఒక్కటి మాత్రం నా మాటగా విను. థీసిస్‌లో మెథడ్స్ అధ్యాయం పాతవాళ్లది చూసి దించకు. బఫర్ పీహెచ్, ఉష్ణోగ్రత, ఎంతసేపు ఆగాలి, ఎక్కడ చెడిపోతుంది, అన్నీ నీ నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని రాయి. నిన్ను ఎరగని పిల్ల ఒకతి ఎక్కడో కూర్చుని అది చదివి అదే ఫలితం రాబట్టగలగాలి. రాయడం అయ్యాక ఆ అధ్యాయం నాకు పంపు, ఎర్ర పెన్ను సిద్ధంగానే ఉంది.

ఇట్లు
మావయ్య