సింగపూరులో ఏం తినాలి, ఏం తాగాలి? – పిల్లల దగ్గరకు వెళ్లే పెద్దల కోసం

మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఒకప్పుడు సముద్రం దాటడమంటే 'రంగం వెళ్లడమే'. రంగూన్‌ను మన పెద్దలు అలాగే పిలిచేవారు. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో స్టీమరు ఎక్కి, అక్కడి ఓడరేవులోను, బియ్యం మిల్లుల్లోను పనికి వెళ్లేవారు. బర్మావారు ఉదయం పూట తినే మొహింగాలో ఉండేవి చేపల పులుసు, సన్నని బియ్యపు సేమ్యా, అరటి దవ్వ. మనకు పూర్తిగా కొత్తవి ఏమీ లేవు.

ఇప్పుడు అదే దిక్కుకు వెళ్లేవారిలో చాలామంది సింగపూరులో ఉన్న కొడుకునో కూతురినో చూడబోయే తల్లిదండ్రులు. 2011లో విశాఖపట్నం నుండి సింగపూరుకు నేరుగా విమానం మొదలైన తరువాత ఈ ప్రయాణం సులువైంది. వెళ్లే ముందు వీరు సామాన్యంగా అడిగే ప్రశ్న, "అక్కడి తిండి మాకు పడుతుందా?" అని. ఆ భయంతోనే నెలకు సరిపడా ఆవకాయ, ఎండుచేప సర్దుకుంటారు. బి.పి. ఉన్నవారికి ఆ సీసా చేసే హాని అక్కడి తిండి చేసే హాని కంటే తక్కువేమీ కాదు!

సింగపూరులో ఇళ్ల దగ్గరే 'హాకర్ సెంటర్లు' ఉంటాయి. ఒకే కప్పు కింద పదుల కొద్దీ చిన్న అంగళ్లు, మధ్యలో బల్లలు. ఈ భోజన సంస్కృతిని 2020 డిసెంబరులో యునెస్కో తన జాబితాలో చేర్చింది. కుళాయి నీరు నేరుగా తాగవచ్చు. అయినా వేడివేడిగా, మన ఎదుట వండిన దానినే ఎంచుకోండి. వండి గంటల తరబడి బయట ఉంచినది ఏ ఊరిలోనైనా ప్రమాదమే.

మన నోటికి బాగా నచ్చేది నాసి లెమాక్. కొబ్బరిపాలతో వండిన అన్నం, వేయించిన ఎండు నెత్తళ్లు, వేరుశనగ గుళ్లు, దోసకాయ ముక్కలు, మిరప పచ్చడి. ఉద్దానం కొబ్బరితోటల వారికి ఇది సొంత ఇంటి వంటలాగే అనిపిస్తుంది. తినండి, రోజూ వద్దు. షుగర్ ఉన్నవారు అన్నం సగం తగ్గించమని అడగవచ్చు. అన్నం పక్కన కూరలు వరుసగా పెట్టి అమ్మే అంగడి అయితే ఇంకా మంచిది. భాష రాకపోయినా వేలితో చూపించి రెండు ఆకుకూరలు, ఒక చేప ముక్క వేయించుకోవచ్చు. పలుచగా కోసిన చేప ముక్కలతో చేసే సూపు కూడా తేలికగా ఉంటుంది. రొయ్యలు పడనివారు మాత్రం జాగ్రత్త. అక్కడి మిరప పచ్చడిలో, లక్సా అనే కొబ్బరిపాల నూడుల్సులో రొయ్యల ముద్దో, ఎండు రొయ్యలో కలిసి ఉంటాయి, పైకి కనిపించవు.

ఉప్పు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని చెబుతోంది. ఒక గిన్నె నూడుల్సు పులుసు చివరి చుక్క వరకు తాగితే అందులో సగం, ఒక్కోసారి మొత్తం అక్కడే అయిపోతుంది. నూడుల్సు, కూరలు, చేప తిని పులుసు గిన్నెలోనే వదిలేయండి. ఎవరూ తప్పు పట్టరు.

ఇక కిడ్నీ జబ్బు ఉన్నవారికి ప్రత్యేకంగా ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో ఈ జబ్బు ఎందరిని బాధిస్తున్నదో మీకు తెలుసు. సింగపూరు పండ్లరసం అంగళ్లలో పసుపు పచ్చని స్టార్ ఫ్రూట్ దొరుకుతుంది. అడ్డంగా కోస్తే ఐదు కొనల నక్షత్రంలా ఉంటుంది. అక్కడ దీనిని బెలింబింగ్ అంటారు. ఆరోగ్యవంతులు తినే కొద్దిపాటి ముక్కలతో సాధారణంగా ఇబ్బంది రాదు. కిడ్నీలు దెబ్బతిన్నవారికి మాత్రం అది విషం. దానిలోని కారంబాక్సిన్ అనే పదార్థాన్ని బ్రెజిల్ పరిశోధకులు 2013లో గుర్తించారు. పాడైన కిడ్నీలు దానిని బయటకు పంపలేవు. అది మెదడు మీద పనిచేస్తుంది. మొదట ఆగని వెక్కిళ్లు, వాంతులు, తరువాత మాట తడబాటు, ఫిట్స్, ప్రాణాపాయం కూడా. ఒక్క పండుతోనే ఇలా జరిగిన సందర్భాలు ఉన్నాయి. క్రియాటినిన్ ఎక్కువ ఉందని మీకు ఎప్పుడైనా చెప్పి ఉంటే ఆ పండుగాని, రసంగాని ముట్టవద్దు. కోసి కలిపిన పండ్ల ముక్కలు కొనేటప్పుడు కూడా చూసుకోండి. పొరపాటున తింటే వెక్కిళ్ల కోసం ఎదురు చూడకుండా ఆసుపత్రికి వెళ్లి, ఏ పండు తిన్నారో చెప్పండి. డయాలసిస్ అవసరం కావచ్చు. దురియన్ పండులో పొటాషియం, చక్కెర రెండూ ఎక్కువే, అదీ వీరికి మంచిది కాదు. దాని వాసన వల్ల మెట్రో రైలులోకే రానివ్వరు లెండి.

కాఫీ దగ్గర షుగర్ వారు మోసపోతారు. ఊరికే 'కోపీ' అంటే చక్కెర కలిపిన చిక్కటి డబ్బాపాలు పోసి ఇస్తారు. 'కోపీ సి కోసాంగ్' అంటే చక్కెర లేని పాల కాఫీ, 'కోపీ ఓ కోసాంగ్' అంటే పాలు, చక్కెర రెండూ లేనిది. ఈ రెండు మాటలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. సీసా పానీయాలపై 2022 డిసెంబరు 30 నుండి చక్కెర, కొవ్వు ఎక్కువైన వాటికి సి, డి అనే గుర్తులు తప్పనిసరి చేశారు. డి గుర్తు చూస్తే పక్కన పెట్టండి.

ఇన్సులిన్ తీసుకునేవారు సూది వేసుకుని అంగడి వరుసలో నిలబడవద్దు. పళ్లెం చేతికి వచ్చాకే వేసుకోండి. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు, కాబట్టి మందుల వేళలు బయలుదేరే ముందే మీ డాక్టరుగారితో మాట్లాడి రాయించుకోండి. ఎక్కువ నడిచి మోకాళ్లు నొప్పి పెడితే, కిడ్నీ జబ్బు ఉన్నవారు నొప్పి బిళ్లలు సొంతంగా కొని మింగరాదు.

విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దానిపై రాసినంత నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగండి. కిడ్నీ, గుండె జబ్బుల వారు ఎంత తాగాలో ముందే అడిగి ఉంచుకోవాలి. రక్తం పడినా, జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా ఇంట్లో ఉండిపోవద్దు. అక్కడ అంబులెన్సు నెంబరు 995. మందుల చీటీ, చివరి రక్త పరీక్ష కాగితం సంచిలోనే ఉంచుకోండి.