సీతాకోకచిలుక ఉపాధి

సూళ్ళూరుపేట దగ్గరి దొరవారిసత్రం అనగానే నేలపట్టు పక్షులే గుర్తుకొస్తాయి. గూడబాతులను చూడటానికి ఎక్కడెక్కడి నుండో వస్తారు. అక్టోబరు, నవంబరు వానల తర్వాత ఆ దారిపక్క పొదలపై వాలే సీతాకోకచిలుకల దగ్గర ఆగేవారు తక్కువ. అల్లాహ్ సృష్టిలో చిన్న ప్రాణులు చిన్న విషయం కాదు. దివ్యఖుర్‌ఆన్‌లో తేనెటీగ పేరుతో, చీమ పేరుతో సూరాలే ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట. అల్ ఖారిఅహ్ సూరాలో వచ్చే 'ఫరాష్' అనే అరబీ పదాన్ని కొందరు సీతాకోకచిలుక అంటారు. నిప్పులో పడే ఫరాష్ ఉపమానం హదీసులో ఉంది కనుక దీపపు పురుగు అనడమే సముచితమని మా అభిప్రాయం. ఉర్దూలోనూ తితలీ వేరు, పర్వానా వేరు.

సీతాకోకచిలుకకు నమిలే దవడలు ఉండవు. తల కింద చుట్ట చుట్టుకొని ఉండే సన్నని తొండంతో మకరందం పీలుస్తుంది. గూటి నుండి బయటపడినప్పుడు ఆ తొండం రెండు పాయలుగా ఉంటుంది. వాటిని పదేపదే చుట్టి, విప్పి, ఒక్క గొట్టంగా జతచేసుకోవాలి. జత కుదరకపోతే తిండి లేదు. ఉపాధి ప్రదాత అల్లాహ్‌యే. అయినా ఆ పని అది చేసుకోవలసిందే. చేతులు ముడుచుకొని కూర్చోవడాన్ని తవక్కుల్ అనుకునే సోదరులు దీన్ని ఒకసారి చూడాలి.

పువ్వు కూడా ఊరికే ఇవ్వదు. మకరందం తాగే పురుగు తలకు, తొండానికి పుప్పొడి అంటుకొని మరో పువ్వుకు చేరుతుంది. (ఈ పనిలో తేనెటీగదే పైచేయి.) లాంటానా పొదను చూడండి. ఒకే గుత్తిలో లేత పూలు పసుపు, ముదిరినవి ఎరుపు. మకరందం ఎక్కువగా ఉండేది పసుపు పూలలోనే. సీతాకోకచిలుకలు వాటినే ఎంచుకుంటాయి. మరి ఎర్ర పూలు రాలిపోవెందుకు? అవీ ఉంటేనే గుత్తి దూరానికి కనిపిస్తుంది.

మకరందంలో ఉప్పు చాలదు. అందుకే వాన వెలిశాక తడిమట్టిపై గుంపుగా వాలతాయి. వాటిలో ఎక్కువ మగవే. ఆ లవణం కలయికలో ఆడదానికి, దాని నుండి గుడ్లకు చేరుతుంది.

అయితే పూలపై ఎగిరేది ఒకప్పుడు ఆకులు తిన్న గొంగళిపురుగే. నిమ్మ, కరివేపాకు చెట్లపై మొదట పిట్టరెట్టలా, తర్వాత పచ్చగా కనిపించే పురుగును అందరూ చూసే ఉంటారు. గూడూరు వైపు నిమ్మతోటల్లో లేత మొక్కలకు దానితో నిజంగానే నష్టం. "మందు కొట్టవచ్చా?" అని అడుగుతుంటారు. నష్టాన్ని తొలగించుకోవడానికి షరీఅత్‌లో అనుమతి ఉంది. కాని ఒక చీమ కుట్టిందని పుట్టనంతా కాల్పించిన పూర్వపు ప్రవక్తను అల్లాహ్ మందలించిన సంగతి సహీహ్ హదీసులో ఉంది. చెట్టు పూతమీద ఉండగా మందు కొడితే తేనెటీగలూ చస్తాయి, కాపూ తగ్గుతుంది. లేత మొక్కపై పురుగులను చేత్తో ఏరివేయండి. పెరట్లో ఎదిగిన కరివేపాకు చెట్టయితే నాలుగు రెమ్మలు పోయినా తట్టుకుంటుంది, వదిలేయండి.