దీర్ఘకాలిక సంరక్షణ - ప్రభుత్వ విధానం: మంచం పక్కన ఉండే మనిషికి ఏముంది?

(ఎం.ఏ. ప్రభుత్వ పాలనాశాస్త్రం, హాస్టల్ పూర్వ విద్యార్థి)



మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఆ డిగ్రీ ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. మా నాన్న నాచారం పారిశ్రామికవాడలో ప్యాకింగ్ పని చేస్తారు. మా ఇల్లు ఉప్పల్‌లో. 2021లో అమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నాన్నకు ఈఎస్ఐ ఉండటం వల్ల వైద్యం జరిగింది. డిశ్చార్జి అయి ఇంటికి వచ్చాక అసలు పని మొదలైంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపుకు పుళ్లు పడతాయి. తినిపించాలి, ఒళ్లు తుడవాలి, గుడ్డలు మార్చాలి, చేతికీ కాలికీ వ్యాయామం చేయించాలి. మనిషిని పెట్టుకుందామని ఒక ఏజెన్సీలో అడిగితే నెలకు రూ.18,000 అన్నారు. నాన్న జీతం రూ.16,000. నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో, హాస్టల్‌లో ఉన్నాను. చెల్లెలు ఇంటర్ రెండో సంవత్సరం. చదువు మానమని దాన్ని ఎవరూ అనలేదు. ఒకరోజు కాలేజీకి వెళ్లలేదు, తర్వాత ఇక వెళ్లలేదు.

ఎం.ఏ.లో సంక్షేమ విధానాల పేపరు చదువుతున్నప్పుడు నాకు వచ్చిన ప్రశ్న ఇది: మా చెల్లెలు చేసిన పనికి ప్రభుత్వ లెక్కల్లో చోటు ఎక్కడ?

దీర్ఘకాలిక సంరక్షణ అనగా ఏమి?

జబ్బు నయం చేసేది వైద్యం. నయం కాని స్థితిలో, లేదా నెమ్మదిగా కోలుకునే స్థితిలో, మనిషికి రోజువారీ పనుల్లో నెలల తరబడి, ఏళ్ల తరబడి తోడుండటం దీర్ఘకాలిక సంరక్షణ. మనవైపు దీన్ని "చాకిరీ" అంటారు. ఈ పని ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతుంది. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంట్లోవారి సంరక్షణ చేసే స్త్రీలు రోజుకు 137 నిమిషాలు, పురుషులు 75 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. పిల్లల పెంపకం కూడా ఇందులోనే ఉంది.

ఈఎస్ఐ ఎంతవరకు?

1943లో ప్రొఫెసర్ బి.పి. అదార్కర్‌ను కార్మికుల ఆరోగ్య బీమాకు పథకం రాయమని ప్రభుత్వం నియమించింది. అప్పుడు వైస్రాయ్ మండలిలో కార్మిక శాఖ చూస్తున్నది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్. అదార్కర్ 1944లో నివేదిక ఇచ్చారు, 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉండటం వెనుక ఉన్న చరిత్ర ఇది.

ఈఎస్ఐ కింద కార్మికునికే జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. కొన్ని దీర్ఘవ్యాధులకైతే 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొడిగిస్తారు. భార్యాబిడ్డలకు వైద్యం ఉంది. కానీ భార్యను చూసుకోవడానికి కార్మికుడు ఇంట్లో ఉంటే ఆ రోజులకు ఏమీ రాదు. కాబట్టి నాన్న డ్యూటీ మానలేకపోయారు.

ఆరోగ్యశ్రీ పరిమితిని మన రాష్ట్రంలో 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. అదీ ఆసుపత్రిలో చేసే చికిత్సకే.

పింఛన్లు

2014 నవంబరులో మొదలైన ఆసరా కింద వికలాంగులకు మొదట రూ.1,500 ఇచ్చారు. 2019లో రూ.3,016, 2023లో రూ.4,016 చేశారు. ఆ జాబితాలో సంరక్షకులు అనే వర్గం లేదు. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రూ.15,000 నిర్ణయించారు. మంచాన పడ్డ మనిషికి తోడు కావాలని, ఆ తోడుకు ఖర్చవుతుందని ఒప్పుకున్న మొత్తం అది. కేరళలో "ఆశ్వాసకిరణం" పేరుతో సంరక్షకులకే నెలకు రూ.600 ఇస్తారు. మొత్తం చిన్నదే అయినా సంరక్షకుల పేరు మీద వస్తుంది.

చట్టాలు ఏమంటున్నాయి?

2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పోషణ భారాన్ని పిల్లల మీద పెట్టింది. నెలకు రూ.10,000 వరకు ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. పిల్లల దగ్గరే లేకపోతే ఏం చేయాలన్న ప్రశ్న అలాగే ఉంది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఒక అడుగు ముందుకు వేసింది. జీతం తీసుకున్నా, తీసుకోకపోయినా చూసుకునేవారిని సంరక్షకులుగా నిర్వచించింది. అధిక సహాయం అవసరమైనవారికి "సంరక్షకుల భత్యం" కోసం పథకం చేయాలని 24వ సెక్షన్‌లో రాసింది. అయితే "ఆర్థిక స్తోమతకు లోబడి" అనే షరతు పెట్టింది. పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్లు గుర్తుపెట్టుకోండి: వృద్ధాప్యంలో, అనారోగ్యంలో ప్రభుత్వ సహాయం గురించి చెప్పే రాజ్యాంగ 41వ అధికరణలోనూ ఇదే షరతు ఉంది.

డబ్బు ఎక్కడి నుంచి?

జర్మనీ 1995లో సంరక్షణకే ప్రత్యేక బీమా పెట్టింది. ఇంట్లోవారే చూసుకుంటే నగదు ఇస్తుంది, చూసుకునేవారి పింఛను ఖాతాకు చందా కూడా కడుతుంది. జపాన్ 2000 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. 40 ఏళ్లు దాటినవారు చందా కడతారు, సగం ఖర్చు పన్నుల నుంచి వస్తుంది.

అవి ధనిక దేశాలు అనవచ్చు. మన ఈఎస్ఐనే చూద్దాం. 2019 జులైలో మొత్తం చందాను జీతంలో 6.5 శాతం నుంచి 4 శాతానికి తగ్గించారు. యాజమాన్యం 3.25, కార్మికుడు 0.75. తగ్గించిన దానిలో అర శాతం తిరిగి పెడితే రూ.16,000 జీతం మీద నెలకు రూ.80. వందమంది కార్మికుల నుంచి రూ.8,000. ఆ వందమందిలో ఇద్దరి ఇళ్లలో మంచాన పడ్డవాళ్లుంటే ఇంటికి రూ.4,000 ఇవ్వవచ్చు. ఇది నా చిన్న లెక్క మాత్రమే. స్తోమత లేదనే ముందు ఇలాంటి లెక్క వేసి చూడాలని నా మనవి.

ఇప్పుడు మనం చేయగలిగినవి

1. డిశ్చార్జి రోజే పక్కకు తిప్పడం, వ్యాయామం చేయించడం నర్సును అడిగి నేర్చుకోండి. ఇంట్లో మగవాళ్లు కూడా నేర్చుకోవాలి.
2. వైకల్య ధ్రువపత్రానికి, పింఛనుకు ఆలస్యం చేయకుండా దరఖాస్తు పెట్టండి.
3. నొప్పితో బాధపడే చివరి దశ రోగులుంటే జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ గురించి అడగండి.
4. వృద్ధుల సమస్యలకు 14567 హెల్ప్‌లైన్ ఉంది.
5. చదువు ఆగిన అక్కచెల్లెళ్లను ఓపెన్ స్కూల్‌లో చేర్పించండి.

ముగింపు

నేను హాస్టల్‌లో ఉన్నప్పుడు నా భోజనానికి ప్రభుత్వం నెలకు రూ.1,500 కట్టింది. 2024లో ఆ మెస్ చార్జీని రూ.2,100 చేశారు. పేద పిల్లవాడు చదువుకోవాలంటే వాడి అన్నం ఖర్చు ప్రభుత్వం భరించాలని ఒకప్పుడు ఎవరో అడిగారు, పోరాడారు. అందుకే మనమంతా ఇక్కడ చదివాం. అదే రోజుల్లో ఇంట్లో అమ్మను తిప్పి పడుకోబెట్టిన చెల్లెలి పేరు మీద ఒక్క రూపాయి రాలేదు. అది ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ పాసయింది, ఈ ఏడాది డిగ్రీలో చేరింది. ఇప్పుడు పొద్దుటి పూట అమ్మను నేను చూసుకుంటున్నాను. మనలో రేపు ఆఫీసర్లయ్యేవాళ్లున్నారు. ఫైలు మీద "ఆర్థిక స్తోమతకు లోబడి" అని రాయవలసి వచ్చినప్పుడు మీ ఇంట్లో ఎవరు చదువు మానారో ఒకసారి గుర్తు చేసుకోండి.