రాజుగారి దినచర్య: మేనేజర్లకు ఒక పాఠం



ఆయుధపూజ నాడు ఎవరి పనిముట్టుకు వారు పసుపు కుంకుమలు పెట్టడం మన ఆచారం. రైతుకు నాగలి, కంసాలికి సుత్తి, డ్రైవరుకు బండి. మరి ఈ దేశంలో పదిమందిచేత పని చేయించే మేనేజరుకు ఆయుధం ఏది? నా దృష్టిలో అది కాలమే. దానికి పదును పెట్టే పాఠం మన కౌటిల్యుని అర్థశాస్త్రంలోనే ఉంది. మైసూరులో ఆర్. శామశాస్త్రి గారు 1909లో అచ్చు వేయించిన ఈ గ్రంథంలో, మొదటి అధికరణం 19వ అధ్యాయం రాజు దినచర్యను చెబుతుంది.

పగలు ఎనిమిది భాగాలు, రాత్రి ఎనిమిది భాగాలు. ఒక్కొక్కటి సుమారు గంటన్నర. పగటి మొదటి భాగం రక్షణకు, ఆదాయ వ్యయాలకు. రెండవది ప్రజల వ్యవహారాలకు. మూడవది స్నాన భోజనాలకు, చదువుకు. ఐదవది మంత్రులతో ఉత్తర ప్రత్యుత్తరాలకు. ఆరవది వినోదానికి లేదా ఆలోచనకు. గమనించండి, ఉత్తరాలకు ఒక వేళ ఉంది. మనమో, కళ్ళు తెరిచింది మొదలు ఈమెయిలే!

మరి ఎవరి పని ముందు చూడాలి? పిల్లలు, వృద్ధులు, రోగులు, దిక్కులేనివారు అంటూ ఒక వరుస చెప్పి, పని బరువును బట్టి గాని, తొందరను బట్టి గాని కూడా చూడవచ్చునన్నాడు కౌటిల్యుడు. బరువు వేరు, తొందర వేరు. 1954లో ఇల్లినాయిలోని ఎవాన్‌స్టన్‌లో ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ కూడా, ఒక మాజీ కాలేజీ అధ్యక్షుని మాటగా, ఇదే తేడాను చెప్పారు. ఎమర్జెన్సీ రూములో మేము రోగులను ఐదు స్థాయిలుగా విడదీస్తాము. ముందు వచ్చినవారిని కాదు, ప్రాణాపాయం ఉన్నవారిని ముందు చూస్తాము. గట్టిగా అరిచే రోగికంటే, చెమటలు పట్టి మౌనంగా కూర్చున్న రోగికే ఎక్కువ ప్రమాదం ఉండవచ్చు. ఆఫీసులోనూ అంతే.

ఇంకొక మాట. పనిమీద వచ్చినవారిని గుమ్మం దగ్గర నిలబెట్టరాదని, అత్యవసరమైనది వెంటనే వినాలని, వాయిదా వేస్తే అది కష్టమో అసాధ్యమో అవుతుందని కౌటిల్యుడు హెచ్చరించాడు. ఇది చదివి నేను సిగ్గుపడ్డాను. కొన్నేళ్ళ క్రితం ఒక విభాగం బాధ్యత నాది. ఒక నర్సు రెండుసార్లు వచ్చి ఐదు నిమిషాలు మాట్లాడాలంది. రిపోర్టు పూర్తి చేయాలి, శుక్రవారం చూద్దామన్నాను. శుక్రవారం ఆమె రాజీనామా వచ్చింది. ఆ రిపోర్టు గురించి మళ్ళీ ఎవరూ అడగలేదు. ఆమె ఏం చెప్పాలనుకుందో నాకు ఈనాటికీ తెలియదు.

వైద్యుడిగా ఒక్క విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. ఈ లెక్కన రాజుకు నిద్ర నాలుగున్నర గంటలకు మించదు. పెద్దలకు ఏడు గంటలైనా నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2015లో చెప్పింది. అయితే తన శక్తిని బట్టి ఈ భాగాలను మార్చుకోవచ్చునని కౌటిల్యుడే వెసులుబాటు ఇచ్చాడు!

ఈ పండుగకు మూడు నియమాలు పెట్టుకుందాం.

1. ఈమెయిలుకు రోజుకు రెండు మూడు వేళలు నిర్ణయించుకోండి.

2. ఉదయమే మూడు ముఖ్యమైన పనులు కాగితంమీద రాయండి. తొందర లేకపోయినా ముఖ్యమైనదానికి, అంటే కొత్తవారికి పని నేర్పడం వంటిదానికి, ముందుగానే గంటన్నర కేటాయించండి.

3. మీకింద పనిచేసేవారు "ఐదు నిమిషాలు" అంటే ఆ రోజే వినండి.

ఇంట్లోవారికీ ఇదే న్యాయం. ఇక్కడ దసరాకు సెలవు లేదు. బొమ్మల కొలువు పేరంటం, అమ్మాయి నాట్యప్రదర్శన కూడా మీటింగులాగే కాలెండరులో ఎక్కించండి. లేకపోతే వాటి స్థానంలో ఇంకేదో వచ్చి కూర్చుంటుంది.

విజయదశమి నాడు అమ్మవారి ముందు మీ కాలెండరునూ పెట్టి నమస్కరించండి. ఆ తల్లి మనందరికీ ఏది ముందో తెలిసే వివేకాన్ని ప్రసాదించుగాక!