పాత ఇంటి గోడకు కొత్త పూత: సిమెంటా, సున్నమా?

పాతకాలపు పెంకుటింటి ముందుగోడ పెచ్చులూడుతుంటే చాలామంది చేసే పని ఒకటే. పాత సున్నపు పూతను చెక్కేసి, సిమెంటు పూత వేయించి, పైన మెరిసే రంగు వేయిస్తారు. కొన్నాళ్లు ఇల్లు కొత్తదానిలా కనిపిస్తుంది. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి గోడ అడుగున రంగు బుడగల్లా ఉబ్బుతుంది. తెల్లటి ఉప్పు పొర పైకి తేలుతుంది. కొన్నిచోట్ల పూతతోపాటు ఇటుక పైభాగం కూడా రాలిపోతుంది. ఇందులో మేస్త్రీ తప్పు, సిమెంటు నాణ్యతలో లోపం లేకపోవచ్చు. పాత గోడ స్వభావానికి, కొత్త పూత స్వభావానికి పొత్తు కుదరకపోవడమే చాలాసార్లు అసలు కారణం.

పాత గోడ చెమ్మను ఎలా తట్టుకుంటుంది?

ఇప్పటి ఇళ్లలో పునాదికి, గోడకు మధ్య చెమ్మను ఆపే పొర వేస్తారు. పాత ఇళ్లలో చాలావాటికి అది ఉండదు. దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్లే, నేలలోని నీరు ఇటుకల్లోని సన్నని రంధ్రాల గుండా పైకి ఎక్కుతుంది. దీన్ని కేశనాళికీయత అంటారు. అయినా ఆ గోడలు తరాల తరబడి నిలిచాయి. మట్టి లేదా సున్నంతో కట్టిన మందపాటి గోడ, దానిపై సున్నపు పూత, లోపలికి చేరిన నీటిని ఆవిరి రూపంలో బయటికి పోనిస్తాయి. వానలో తడిసిన గోడ ఎండకు ఆరిపోతుంది. అంటే పాత గోడ నీటిని పూర్తిగా ఆపదు. వచ్చిన నీటిని వెళ్లనిస్తుంది.

రాయిగా మారే సున్నం

సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చితే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడిసున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. దానికి నీళ్లు కలిపితే బుసబుసమని వేడెక్కి తడిసున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. గోడకు పూశాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నెమ్మదిగా పీల్చుకుని మళ్లీ కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. ఈ మార్పు పూత లోతుదాకా పూర్తి కావడానికి నెలలు పడుతుంది.

సున్నపు పూతకు మరో గుణం ఉంది. వెంట్రుకవాసి పగుళ్లలోకి వాననీరు దిగినప్పుడు కొంత సున్నం కరిగి, నీరు ఆరాక అక్కడే పేరుకుని పగులును పూడుస్తుంది.

గానుగలో నూరిన డంగు సున్నంతో కట్టిన కట్టడాలకు తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ 1591 నాటి చార్మినార్. ఇటుక పొడి, అంటే సుర్కీ కలిపితే సున్నం తడిలోనూ గట్టిపడుతుంది. బెల్లం, కరక్కాయ నీళ్లు కలపడం పలు ప్రాంతాల్లో ఉన్న పద్ధతి. తమిళనాడులోని చెట్టినాడు ఇళ్ల నున్నటి గోడలకు కోడిగుడ్డు తెల్లసొన కలిపారు. రాజస్థాన్‌లో సున్నానికి పాలరాతి పొడి చేర్చి మెరుగుపెట్టే అరాయిష్ పనితనం ఉంది.

సిమెంటు పూస్తే ఏమవుతుంది?

1824లో ఇంగ్లండ్‌లో పేటెంటు పొందిన పోర్ట్‌ల్యాండ్ సిమెంటు త్వరగా గట్టిపడుతుంది, బలంగా ఉంటుంది. మెత్తటి పాత గోడ మీద ఆ బలమే చేటు చేస్తుంది.

మొదటిది, సిమెంటు పూత చిక్కగా ఉండటంతో ఆవిరి సులువుగా బయటికి పోదు. నేల నుంచి ఎక్కిన నీరు దారి దొరక్క గోడలో ఇంకా పైకి ఎక్కుతుంది, లేదా ఇంటి లోపలివైపు తేలుతుంది. పైన నీరు చొరని రంగు వేస్తే ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

రెండోది, సిమెంటు బిరుసు. ఎండకు, చలికి పాత గోడ కాస్త కదిలితే పూత దానితోపాటు కదలలేక పగులుతుంది. ఆ పగులు నుంచి వాననీరు లోపలికి వెళుతుంది గానీ, అంత తేలిగ్గా తిరిగి రాదు.

మూడోది, లవణాలు. నీటితోపాటు వచ్చిన ఉప్పులు పూత వెనుక స్ఫటికాలుగా పేరుకుంటాయి. ఉదాహరణకు పొడి సోడియం సల్ఫేట్ నీటిని పట్టుకుని స్ఫటికమైతే దాని ఘనపరిమాణం మూడు రెట్లు దాటుతుంది. ఆ ఒత్తిడికే ఇటుక పొడిపొడిగా రాలుతుంది.

అయితే మొదటి నుంచీ సిమెంటుతోనే కట్టిన ఇంటికి సిమెంటు పూతతో ఈ చిక్కు రాదు. అందుకే ముందు గోడను గుర్తించాలి. ఊడిన చోట ఇటుకల మధ్య అతుకును మేకుతో గీకితే మట్టి, సున్నం సులువుగా రాలుతాయి, సిమెంటు రాలదు.

పని ఏ వరుసలో చేయాలి?

1. ముందు నీటి మూలాన్ని ఆపాలి. పగిలిన పెంకులు, కారే గొట్టాలు, గోడ మొదట్లో నిలిచే నీరు, గోడను ఆనుకుని ఎత్తు పెరిగిన వీధి మట్టం చూడాలి.

2. గోడను వేళ్ల కణుపులతో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వచ్చిన చోట పూత గోడను వదిలేసిందని అర్థం. గట్టిగా ఉన్న పాత సున్నపు పూతను చెక్కనక్కర్లేదు.

3. సిమెంటు అతుకులు తీశాక గోడను బాగా ఆరనివ్వాలి. తేలిన ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి. కడిగితే అది కరిగి మళ్లీ లోపలికి పోతుంది.

4. సున్నపు పూతను పలచటి పొరలుగా వేయాలి. ఒక పొర గట్టిపడ్డాకే మరొకటి. మండుటెండలో గానీ జోరువానలో గానీ వేయకూడదు. తడి గోనెపట్టాలు కప్పి నెమ్మదిగా ఆరనివ్వాలి.

5. చివరగా సున్నం వెల్ల గానీ, ఆవిరిని పోనిచ్చే ఖనిజ రంగు గానీ వేయాలి.

కళ్లు, ఊపిరి జాగ్రత్త

సున్నం తీవ్రమైన క్షారం. కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. వెంటనే ఎక్కువసేపు ధారగా శుభ్రమైన నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. సున్నం తడిపే చోటికి పిల్లలను రానివ్వకూడదు.

తలుపులు, కిటికీల పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన దేశంలో 2016లో వెలువడి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకుముందు వేసిన రంగును పొడిగా గీకితే లేచే ధూళి పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. తడిపి గీకడం, మాస్కు పెట్టుకోవడం, రాలిన పొట్టును పోగుచేసి మూటకట్టడం తప్పనిసరి.

సున్నం పనికి సమయం ఎక్కువ పడుతుంది, పని తెలిసిన మేస్త్రీని వెతకాలి, కొన్నేళ్లకోసారి వెల్ల వేయించాలి. అయితే పాడైనప్పుడు రాలేది పూతే, గోడ కాదు. పూతను మళ్లీ వేసుకోవచ్చు. కరిగిపోయిన ఇటుకను తిరిగి తేలేం.