కొన్న కందిలికి ఇంటి నూలు కుచ్చులు

దీపావళికి షోలాపూర్ పూర్వభాగంలోని నేతవాడలలో ఆకాశకందిళ్లు వేలాడుతాయి. తెలుగునాట కార్తికంలో ధ్వజస్తంభానికి ఎత్తే ఆకాశదీపాన్ని అవి తలపిస్తాయి.

బజారు కాగితపు కందిలి వానకు చిరుగుతుంది. పైభాగాన్ని పలుచని ప్లాస్టిక్‌తో కప్పి, అడుగును గాలి ఆడేలా వదలాలి. గాలికి ఊగకుండా కింది కొసకూ దారం కట్టాలి. మగ్గం వద్ద మిగిలిన రంగుపోగులను కుచ్చులుగా ముడివేసి తోకలకు జోడిస్తే, అంగడి వస్తువుకు ఇంటి పనితనం అబ్బుతుంది.

అయితే నూలు, మగ్గాల ఇంట ఎగిరే దూది నూగు క్షణంలో అంటుకుంటాయి. కనుక కందిలిలో వత్తిదీపం, వేడెక్కే బల్బు వద్దు. చిన్న ఎల్‌ఈడీ బల్బు చాలు. కుచ్చులు దానికి తగలరాదు. అతుకుల తీగ వాడరాదు. వీధి విద్యుత్ తీగలకు దూరంగా వేలాడదీయాలి.

పండుగయ్యాక మడిచి దాచితే, మరుసటి ఏటికి కొత్త కుచ్చులు కడితే చాలు.