కొలెస్ట్రాల్ మాత్ర క్యాన్సర్‌కు మందా?

వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు మాకు వెంటనే తోచిన విషయం ఇదే. ఎందుకంటే ఈ ప్రశ్నకు ఒకసారి మేము తప్పు జవాబు చెప్పాము. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే కనుక, మా నోటి నుంచి ఏది వస్తే అదే ఇంటిల్లిపాదికీ సైన్సు.

మా అమ్మమ్మది భీమిలి వైపు తీరంలో ఒక పల్లె. పెళ్లి కాకముందు నుంచీ అడ్డపొగ తాగుతుంది. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చడమన్నమాట. మన ఉత్తరాంధ్ర తమ్ముళ్లకు, చెల్లెళ్లకు దీన్ని వివరించనక్కరలేదు. గుండె జబ్బు వచ్చిన దగ్గర నుంచి ఆమె రోజూ రాత్రి అటోర్వాస్టాటిన్ మాత్ర వేసుకుంటోంది. రెండేళ్ల క్రితం అంగిట్లో తెల్లటి మచ్చ లేచింది. కారం తగిలితే మంట. మావయ్య ఫోను చేసి, "ఒరే, కొలెస్ట్రాల్ మాత్ర కేన్సర్‌ని సంపేస్తాదని పేపర్లో పడిందంట. అమ్మ ఎలాగూ ఏసుకుంతంది గదా, ఇంక భయం నేదు గదా?" అన్నాడు. "అవును మావయ్యా, దాని మీద పరిశోధనలు జరిగాయి" అన్నాము. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాము, తెలియదనడానికి నామోషీ. మేము చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క మాటతో రెండు నెలలపాటు ఆమెను ఎవరూ ఆసుపత్రికి తీసుకువెళ్లలేదు.

ఇంతకీ ఆ పరిశోధనలు ఏమిటి?

స్టాటిన్ మందుల కథ జపానులో మొదలైంది. అకిరా ఎండో అనే శాస్త్రవేత్త సాంక్యో కంపెనీలో వేలాది బూజులను పరీక్షించి, 1973లో బియ్యం మీద పెరిగిన ఒక నీలి బూజు నుంచి మొదటి స్టాటిన్‌ను వేరు చేశాడు. అయితే 1980లో, ఎక్కువ మోతాదు ఇచ్చిన కుక్కల పేగుల్లో క్యాన్సర్ లాంటి మార్పు కనిపించిందన్న అనుమానంతో ఆ కంపెనీ ఆ మందును వదిలేసింది. అమెరికాలో మెర్క్ కంపెనీ కూడా తన లోవాస్టాటిన్ పరీక్షలను కొంతకాలం ఆపి, తరువాత మళ్లీ మొదలుపెట్టింది. 1987లో దానికి అనుమతి వచ్చింది. క్యాన్సర్ తెస్తుందేమోనని భయపడిన మందునే తరువాతివాళ్లు క్యాన్సర్ మీద ప్రయోగించారు. ఈ విచిత్రం మాకు పాఠ్యపుస్తకంలో కనపడలేదు.

స్టాటిన్ చేసే పనిని మన స్టీల్ ప్లాంటుతో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది. కోక్ ఓవెన్లలో బొగ్గును కాలిస్తే వచ్చేది కోక్ ఒక్కటే కాదు. తారు, బెంజాల్, ఎరువుగా వాడే అమ్మోనియం సల్ఫేటు కూడా వస్తాయి. బొగ్గు ఆగితే ఇవన్నీ ఆగుతాయి. కణంలో కూడా ఇంతే. హెచ్ఎంజి కో-ఎ రిడక్టేజ్ అనే ఎంజైము మెవలోనేట్ అనే పదార్థాన్ని తయారు చేస్తుంది. దాని నుంచి వచ్చే సరుకులలో కొలెస్ట్రాల్ ఒకటి. ఫార్నెసిల్, జెరానైల్‌జెరానైల్ అనే కొవ్వు తోకలు కూడా దాని నుంచే వస్తాయి. రాస్, రో వంటి ప్రోటీన్లకు ఈ తోక అతికితేనే అవి కణపు పొరను అంటిపెట్టుకుని "పెరుగు, విడిపో, కదులు" అనే ఆజ్ఞలను లోపలికి అందించగలవు. క్యాన్సర్ కణానికి ఈ ఆజ్ఞలే ప్రాణం. స్టాటిన్ ఆ ఎంజైమును అడ్డుకుంటే తోకలు తయారుకావు, ఆజ్ఞలు మందగిస్తాయి, చాలా రకాల కణాలు తమంతట తామే చనిపోతాయి.

దీనికి చక్కని రుజువు ఉంది. ప్రయోగశాల గిన్నెలో స్టాటిన్‌తో పాటు మెవలోనేట్ కూడా పోస్తే కణాలు బతికిపోతాయి. జెరానైల్‌జెరానైల్ పోసినా చాలా రకాలు బతుకుతాయి. కొలెస్ట్రాల్ పోస్తే మాత్రం అంత ప్రయోజనం ఉండదు. అంటే కణాలను చంపుతున్నది ప్రధానంగా కొలెస్ట్రాల్ కరువు కాదు, తోకల కరువు. నోటి క్యాన్సర్ ఎక్కువగా పొలుసుల కణాల నుంచి పుడుతుంది. తల, మెడ భాగాలకు చెందిన అలాంటి క్యాన్సర్ కణాలు గిన్నెలో లోవాస్టాటిన్‌కు బాగా లొంగుతాయని కెనడా శాస్త్రజ్ఞులు 2001లో ప్రకటించారు. మావయ్య చెప్పిన పేపరు వార్త ఇలాంటిదే అయి ఉండాలి.

మరి మేము తప్పింది ఎక్కడ? లెక్కలో. గిన్నెలో కణాలను చంపడానికి పోసే మందుకూ, రాత్రి వేసుకునే మాత్ర వల్ల రక్తంలోకి చేరే మందుకూ వందల రెట్ల తేడా ఉండవచ్చు. మింగిన స్టాటిన్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయమే పట్టేసుకుంటుంది. కొలెస్ట్రాల్ తగ్గడానికి కావలసింది అదే, అంగిటి మచ్చకు మిగిలేది చాలా స్వల్పం. పోనీ మోతాదు పెంచితే? అదీ చేసి చూశారు. 1996లో ప్రచురించిన అమెరికా పరిశోధనలో 88 మంది రోగులకు శరీర బరువులో ఒక్కో కిలోకు రోజుకు 2 నుంచి 45 మిల్లీగ్రాముల వరకు లోవాస్టాటిన్ ఇచ్చారు. 60 కిలోల మనిషికి పై మోతాదు 2,700 మిల్లీగ్రాములు. కొలెస్ట్రాల్‌కు వాడేది 80 మిల్లీగ్రాములు దాటదు. అంత ఇచ్చినా కణితి కొద్దిగా తగ్గింది ఒక్కరిలోనే. కండరాలు దెబ్బతినడం వల్ల ఇక మోతాదు పెంచలేకపోయారు. 2005లో తల, మెడ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరినవారి మీద జరిపిన పరీక్షలో కొందరికి జబ్బు కొంతకాలం పెరగకుండా నిలిచింది కానీ, కణితి కరిగినవారు లేరు.

పైగా కణం తెలివైనది. ఎంజైమును మూసేస్తే మరింత ఎంజైమును తయారు చేసుకుంటుంది. ఆ పని చేతకాని కణాలే గిన్నెలో ముందు చనిపోతాయి.

జనాభా లెక్కలు ఆశ పెట్టిన మాట నిజమే. డెన్మార్కులో క్యాన్సర్ రోగుల్లో అంతకుముందే స్టాటిన్ వాడుతున్నవారి మరణాలు 15 శాతం తక్కువని 2012లో తేలింది. అయితే క్రమంగా డాక్టరుకు చూపించుకుంటూ మాత్రలు వేసుకునేవారు ఇతర విషయాల్లోనూ వేరుగా ఉంటారు కదా! ఆ తేడా పోవాలంటే చీటీ తీసినట్టు రోగులను రెండు గుంపులు చేసి చూడాలి. బ్రిటన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు 846 మందిని అలా విభజించి, ఒక గుంపుకు కీమోతో పాటు ప్రవాస్టాటిన్ ఇచ్చారు. 2017లో ఫలితం వచ్చింది. ఆయుష్షులో తేడా లేదు.

కణాన్ని మాడ్చి చంపాలన్న ఆలోచన దండగని అనుకోవద్దు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారు చేసిన అమినోప్టెరిన్ ఫోలిక్ ఆమ్లం అందకుండా చేసే మందు. దానితో పిల్లల రక్త క్యాన్సర్ కొంతకాలం తగ్గిందని 1948లో సిడ్నీ ఫార్బర్ లోకానికి చూపాడు. ఆ మందు చేరవలసిన చోటికి, చేరవలసినంత చేరింది.

అడ్డపొగ సంగతి మాత్రం ఏనాడో తేలిపోయింది. కోస్తా ఆంధ్రలో అంగిటి క్యాన్సర్‌కు ఇది కారణమని 1957లోనే వ్యాసం వచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి చేసిన అధ్యయనం 1971లో అచ్చయింది. మన పక్కింటి అవ్వల నోళ్ల గురించి విదేశీ పత్రికలో ఉన్న సంగతి మాకు ఎమ్మెస్సీ దాకా తెలియదు.

చివరికి అమ్మమ్మను మేమే తీసుకువెళ్లాము. మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. క్యాన్సర్ కాదు, కానీ కణాల్లో మార్పు మొదలైందని రిపోర్టు వచ్చింది. అడ్డపొగ మానాలనీ, మూడు నెలలకోసారి నోరు చూపించాలనీ, గుండె కోసం ఇచ్చిన మాత్ర మాత్రం ఆపవద్దనీ డాక్టరు గారు చెప్పారు. ఆ రాత్రే మావయ్యకు ఫోను చేసి మా మాట వెనక్కి తీసుకున్నాము.

"మరి పేపర్లో పడిందంటే?" అన్నాడు.

"పేపర్లో పడింది గిన్నెలో కణాల సంగతి మావయ్యా, అమ్మమ్మ సంగతి కాదు."

ఇప్పటికి నాలుగుసార్లు చూపించాము. మచ్చ పెరగలేదు. చుట్ట మానేశానంటుంది కానీ, కొంగు ముడిలో ఇంకా ఒకటి ఉంటోందని మా చెల్లి చెబుతోంది.